మైదానమే ఆయన ప్రసంగ వేదిక

పాస్టరు కావాలని బయల్దేరి ఫుట్‌బాల్ కోచ్‌గా మారిన ఎమోస్ అలోంజో స్టాగ్ జీవితం... మన ఊరి డ్రిల్లు మాస్టారికీ ఆయనకూ ఉన్న చుట్టరికం

దేవుని సేవ చేయాలన్న ఆశ గుండెనిండా ఉంది. కానీ నలుగురి ముందు నిలబడితే నోరు పెగలదు. అలాంటివాడు దేవుని పనికి పనికిరాడా? మన సంఘాల్లో ఎందరో యౌవనస్థులు పైకి చెప్పుకోలేక లోలోపల మథనపడే ప్రశ్న ఇది. సేవ అనగానే మనకు వెంటనే గుర్తొచ్చేది ప్రసంగ వేదిక, మైకు, చేతిలో బైబిలు. వేదిక ఎక్కినవాడు సేవకుడు, ఎక్కనివాడు విశ్వాసి అని మనమే ఒక గీత గీసేశాం. ఆ గీతకు అవతల కూడా దేవుడు పని చేస్తాడని నిరూపించిన జీవితాలు చరిత్రలో చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి అమెరికాకు చెందిన ఎమోస్ అలోంజో స్టాగ్‌ది. కాలేజీ కుర్రాళ్లకు ఆట నేర్పడమే ఆయన ఉద్యోగం. దాదాపు 70 ఏళ్లపాటు ఆయన చేసింది ఆ ఒక్క పనే.

అమెరికా ఫుట్‌బాల్ కోచ్ కథ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మనకెందుకు అని అనుకోవచ్చు. ఆయన ఆడించిన ఆట మన దగ్గర లేదు, నిజమే. కానీ ఆయన ఏ బడి నుంచి బయల్దేరారో, ఆ బడి గాలి మద్రాసు మీదుగా దక్షిణ భారతమంతటి స్కూలు మైదానాల్లోకి వీచింది. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం. ముందు ఆయన కథ.

చెప్పులు కుట్టే ఇంటి బిడ్డ

స్టాగ్ 1862 ఆగస్టు 16న న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్ ఆరెంజ్‌లో పుట్టారు. తండ్రి చెప్పులు కుట్టి కుటుంబాన్ని పోషించేవాడు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. కూలి పనులు చేసుకుంటూనే చదువుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లవాడికి పెట్టిన పేరు బైబిల్లోని ప్రవక్త ఆమోసు పేరే. తాను ప్రవక్తను కాననీ, ప్రవక్త కుమారుణ్నీ కాననీ, పశువులు కాసుకునేవాణ్ననీ ఆ ఆమోసు తన గురించి తాను చెప్పుకున్నాడు. ఆ పేరు పెట్టుకున్న ఈ కుర్రాడికి కూడా వృత్తిరీత్యా బోధకుడయ్యే భాగ్యం దక్కలేదు. దాని వెనుక దేవుని ఉద్దేశం వేరే ఉంది.

ప్రెస్బిటేరియన్ సంఘంలో పెరిగిన స్టాగ్‌కు పాస్టరు కావాలన్నదే లక్ష్యం. ఆ లక్ష్యంతోనే 1884లో యేల్ విశ్వవిద్యాలయంలో చేరారు. చేతిలో డబ్బు లేదు. చలిదేశంలో వెచ్చదనం లేని అటక గదిలో, చాలీచాలని తిండితో రోజులు నెట్టుకొచ్చారు. ఒక దశలో ఆ అర్ధాకలి వల్ల జబ్బుపడ్డారు కూడా. మంచి తిండి లేనిదే మంచి ఆట లేదని, శరీరాన్ని నిర్లక్ష్యం చేసి ఆత్మను మాత్రమే చూసుకుంటానంటే కుదరదని ఆయన పుస్తకాల్లో చదవక ముందే కడుపు మాడి నేర్చుకున్నారు.

యేల్‌లో బేస్‌బాల్ జట్టుకు ఆయన బంతి విసిరే పిచర్. ఆయన ఉన్నన్నాళ్లూ జట్టుకు విజయాలే విజయాలు. వృత్తి క్రీడాకారుడిగా వచ్చెయ్యమని పెద్ద పెద్ద జట్లు కబురు పెట్టాయి. పేదవాడికి అది బతుకు మార్చే డబ్బు. అయినా ఆయన కాదన్నారు. ఆ రోజుల్లో వృత్తి బేస్‌బాల్ చుట్టూ సారా దుకాణాలు, జూదం అల్లుకుని ఉండేవి. సేవకు వెళ్లాలనుకునేవాడికి ఆ సావాసం తగదని ఆయన నిర్ణయం. 1888లో డిగ్రీ పూర్తిచేసి, యేల్‌లోనే దైవశాస్త్ర విద్యాలయంలో చేరారు. 1889లో దేశంలోని ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో మొట్టమొదటిసారి ఎంపిక చేసిన ‘ఆల్ అమెరికా’ జట్టులో ఆయన పేరు ఉంది.

మాట రానిచోట ఆట

దైవశాస్త్రం చదువుతున్న స్టాగ్‌కు ఒక నిజం మెల్లగా అర్థమైంది. తనకు ప్రసంగించే వరం లేదు. వేదిక ఎక్కితే మాట తడబడేది. భావం ఉంది, భాష పలకదు. నోటి మాంద్యం గలవాణ్నని మోషే దేవుని ముందు మొరపెట్టుకున్న సంగతి నిర్గమకాండంలో చదువుతాం. మోషేకు తోడుగా దేవుడు అహరోనును ఇచ్చాడు. స్టాగ్ విషయంలో మాత్రం పని తీరునే మార్చాడు.

స్టాగ్ దైవశాస్త్రం చదువు మధ్యలో ఆపేశారు. సేవను మానుకోవాలని మాత్రం కాదు. 1890లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న వైఎంసీఏ శిక్షణ విద్యాలయానికి వెళ్లారు. క్రైస్తవ యువకులకు వ్యాయామ విద్యలో తర్ఫీదు ఇచ్చే బడి అది. అక్కడి పెద్ద లూథర్ గులిక్ అప్పుడే కొత్త ఆలోచన ఒకటి ప్రచారం చేస్తున్నాడు. మనిషంటే ఆత్మ ఒక్కటే కాదు, మనసూ శరీరమూ కూడా. మూడూ కలిసి ఎదగాలి. వైఎంసీఏ గుర్తుగా ఈ రోజుకీ మనం చూసే త్రికోణం అక్కడ పుట్టిందే. బాల యేసు జ్ఞానంలోను, శరీర ఎదుగుదలలోను, దేవుని దయలోను, మనుషుల మెప్పులోను పెరిగాడని లూకా సువార్త చెప్పే మాటకు ఆ త్రికోణం దగ్గరగా ఉంటుంది.

అదే బడిలో స్టాగ్‌కు పరిచయమైన మిత్రుడు జేమ్స్ నైస్మిత్. కెనడావాడు. ఆయనా పాస్టరు చదువు చదివి, వేదిక బదులు వ్యాయామశాలను ఎంచుకున్నవాడే. 1891 డిసెంబరులో చలికాలం గదిలో ఆడుకునేందుకు పీచ్ పండ్ల బుట్టలు గోడకు తగిలించి ఆయన కనిపెట్టిన ఆటే బాస్కెట్‌బాల్. 1892 మార్చి 11న ప్రజల ముందు ఆడిన తొలి బాస్కెట్‌బాల్ పోటీలో విద్యార్థులు 5, ఉపాధ్యాయులు 1. ఉపాధ్యాయుల తరఫున ఆ ఒక్క బుట్ట వేసింది స్టాగ్. శ్రీకాకుళం, బొబ్బిలి, టెక్కలి ప్రాంతాలకు కెనడా బాప్టిస్టు మిషనరీలు వచ్చి బడులు, ఆస్పత్రులు కట్టింది కూడా దాదాపు ఆ కాలంలోనే. ఒకే దేశం నుంచి ఒకరు సువార్త పట్టుకుని సముద్రం దాటారు, మరొకరు బంతి పట్టుకుని బడిలో నిలిచారు. ఇద్దరినీ పంపినవాడు ఒక్కడే అని నమ్మడానికి మనకెందుకు సంకోచం?

చికాగోలో 41 ఏళ్లు

యేల్‌లో స్టాగ్‌కు బైబిలు పాఠాలు చెప్పిన గురువు విలియం రెయినీ హార్పర్. బాప్టిస్టుల చొరవతో, రాక్‌ఫెల్లర్ ధనంతో కొత్తగా ఏర్పడిన చికాగో విశ్వవిద్యాలయానికి ఆయన మొదటి అధ్యక్షుడయ్యారు. వెంటనే పాత శిష్యుణ్ని పిలిచారు. వ్యాయామ విద్యా విభాగానికి అధిపతి, పైగా అసోసియేట్ ప్రొఫెసర్ హోదా. గ్రీకు, హీబ్రూ చెప్పే ఆచార్యులతో సమానంగా ఆట నేర్పేవాడికి కుర్చీ వేయడం ఆ రోజుల్లో వింత. 1892లో స్టాగ్ చికాగో చేరేసరికి జట్టు కట్టడానికి సరిపడా కుర్రాళ్లే లేరు. దాంతో కోచే చొక్కా మార్చుకుని ఆటగాడిగానూ దిగారు.

ఆ ఆట గురించి రెండు మాటలు. మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆట వేరు, ఇది వేరు. ఇందులో జట్టుకు 11 మంది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని అవతలి గీత దాకా పరుగెత్తాలి. అవతలివాళ్లు మన చెడుగుడు ఆటలో కూతకు వచ్చినవాణ్ని పట్టినట్టు మీదపడి పట్టేస్తారు. బలం ఎంత కావాలో, ఎత్తుగడ అంత కావాలి. ఆ ఎత్తుగడల్లోనే స్టాగ్ ఆరితేరారు. ఈ రోజు ఆ ఆటలో కనిపించే అనేక పద్ధతులకు, గడ్డి కూరిన బొమ్మను ఢీకొని సాధన చేయడం వంటి వాటికి ఆయనే ఆద్యుడని చెబుతారు. ఆయన జట్టు 1899 నుంచి 1924 లోపు 7 సార్లు తమ విశ్వవిద్యాలయాల సమాఖ్యలో విజేతగా నిలిచింది.

ఆయన పొగ తాగలేదు, మద్యం ముట్టలేదు, బూతు మాట ఆడలేదు. మైదానంలో కోపం పట్టలేకపోతే ఆయన నోట వచ్చే పెద్ద తిట్టు ‘గాడిద’. 1894లో పెళ్లాడిన భార్య స్టెల్లా ఆయనకు అన్నిటా తోడు. ఎదుటి జట్ల ఆటను చూసి, కాగితం మీద గీతలు గీసి భర్తకు వివరించేవారు. అకుల, ప్రిస్కిల్ల కలిసి డేరాలు కుట్టినట్టు ఈ దంపతులు కలిసి జట్లు కట్టారు.

అయితే ఆ కాలమంతా వెలుగే అనుకోకూడదు. ఆట మోజుగా మారింది, మోజు వ్యాపారమైంది. టికెట్ల డబ్బు పెరిగేకొద్దీ విశ్వవిద్యాలయాలు గెలుపు కోసం ఎంతకైనా సిద్ధపడ్డాయి. మంచి ఆటగాళ్లను హైస్కూళ్ల నుంచే వలవేసి తెచ్చుకునే అలవాటు అన్ని చోట్లా ముదిరింది. స్టాగ్ విభాగం కూడా ఆ ఒరవడికి అతీతం కాదని తర్వాతి చరిత్రకారులు రాశారు. మంచివాడు ఒకడు లోపల ఉన్నంత మాత్రాన వ్యవస్థ మొత్తం మంచిదైపోదు.

1905 నవంబరు 30న చికాగో, మిషిగన్ జట్ల మధ్య జరిగిన పోటీ ఆ ఆట చరిత్రలో పెద్ద ఘట్టం. మిషిగన్ అప్పటికి 56 ఆటల్లో ఓటమి ఎరగదు. స్టాగ్ జట్టు 2-0తో గెలిచింది. చికాగో వీధుల్లో సంబరాలు మిన్నంటాయి. ఆ 2 పాయింట్లు రావడానికి కారణం మిషిగన్ ఆటగాడు డెన్నిసన్ క్లార్క్ చేసిన చిన్న పొరపాటు. బంతి పట్టుకుని సొంత గీత వెనుకే దొరికిపోయాడు. సొంత ఊరివాళ్లు, పత్రికలు ఆ కుర్రాణ్ని క్షమించలేదు. ఏళ్లు గడిచినా ఆ క్షణం అతణ్ని వదల్లేదు. 1932లో అతను తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఒక ఆటకు మనిషి విలువకంటే ఎక్కువ విలువ కడితే జరిగేది ఇదే. మార్కులు తక్కువ వచ్చాయని, సెలెక్షన్ రాలేదని మన పిల్లలను మనం ఏ మాటలతో పొడుస్తున్నామో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

అదే 1905లో మైదానాల్లో మరణాలు కూడా పెరిగాయి. ఆ ఒక్క సీజన్లోనే సుమారు 18 మంది కుర్రాళ్లు ఆట దెబ్బలకు చనిపోయారని పత్రికలు లెక్క తేల్చాయి. దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద విశ్వవిద్యాలయాల వారిని పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. కొన్ని కళాశాలలు ఆటనే ఎత్తేశాయి. 1906లో నిబంధనలు మార్చారు. గుంపుగా మీదపడి నలిపేసే ఆటను తగ్గించి, బంతిని ముందుకు విసరడానికి అనుమతి ఇచ్చారు. ఆ నిబంధనల సంఘంలో దశాబ్దాలపాటు సభ్యుడిగా ఉన్న స్టాగ్ కొత్త పద్ధతిని తన జట్టుకు మొదటే నేర్పినవారిలో ఒకరు.

70 ఏళ్లకు మళ్లీ మొదటి అడుగు

1932లో స్టాగ్‌కు 70 ఏళ్లు నిండాయి. విశ్వవిద్యాలయం నియమం ప్రకారం పదవీ విరమణ చేయాలి. కొత్త అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్‌కు ఆటలంటే పెద్దగా గిట్టదు. జీతం ఇస్తాం, మైదానం వదిలి వేరే పని చూసుకోండి అన్నారు. ఆయన పేరే పెట్టుకున్న ‘స్టాగ్ ఫీల్డ్’ మైదానంలో ఆయనకే చోటు లేకుండా పోయింది. కుర్రాళ్లకు నేర్పే పని తప్ప తనకు వేరే పని వద్దని స్టాగ్ ఆ జీతాన్ని తోసిపుచ్చారు.

యెహోషువ గ్రంథంలో కాలేబు 85 ఏళ్ల వయసులో తనకు చదునైన భూమి కాదు, కొండ ప్రదేశం కావాలని అడిగాడు. స్టాగ్ చేసిందీ అలాంటిదే. 1933లో భార్యతో కలిసి దేశం ఆ చివరికి, కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పట్టణానికి తరలివెళ్లారు. అక్కడ మెథడిస్టులు స్థాపించిన కాలేజ్ ఆఫ్ ద పసిఫిక్ చిన్న సంస్థ. పెద్ద జట్లతో తలపడి ఓడిపోవడం మామూలే. అక్కడ ఆయన గడిపిన 14 సీజన్లలో గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. ఈ మాట దాచాల్సిన అవసరం లేదు. గెలుపు కోసమే బతికినవాడైతే చికాగో జ్ఞాపకాలతో ఇంట్లో కూర్చునేవాడు. ఆయన మాత్రం రోజూ మైదానానికి వెళ్లారు.

1938లో ఒక విచిత్రం జరిగింది. ఈ చిన్న కాలేజీ జట్టుతో ఆయన చికాగోకు తిరిగి వచ్చారు. స్టాగ్ ఫీల్డ్‌లోనే చికాగోను 32-0తో ఓడించారు. మరుసటి ఏడాది చికాగో విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆటనే రద్దు చేసింది. ఖాళీ పడిన ఆ మైదానం మెట్ల కింద 1942 డిసెంబరు 2న శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బృందం ప్రపంచంలో మొట్టమొదటి అణు గొలుసు చర్యను సాధించింది. హిరోషిమా బాంబుకు దారితీసిన పరిశోధనలో అది ఒక మెట్టు. కుర్రాళ్లు పరుగెత్తిన నేల కింద నుంచి మానవజాతి భయం పుట్టుకొచ్చింది. తెలివి ఎంత పెరిగినా దాన్ని నడిపే హృదయం మారకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ ఏం కావాలి? ఇప్పుడు ఆ చోట విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉంది.

1943లో యుద్ధకాలం. నౌకాదళ శిక్షణకు వచ్చిన విద్యార్థులతో స్టాగ్ జట్టు బలపడింది. పెద్ద జట్లను మట్టికరిపించింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ కోచ్‌గా తోటి కోచ్‌లే ఆయన్ను ఎన్నుకున్నారు. అప్పటికి ఆయన వయసు 81. 1946 తర్వాత అక్కడా ‘ఇక చాలు’ అన్నారు. ఆయన అలిగి కూర్చోలేదు. పెన్సిల్వేనియాలో లూథరన్లు స్థాపించిన సస్క్విహానా విశ్వవిద్యాలయంలో కొడుకు కోచ్‌గా ఉంటే, 1947 నుంచి 1952 దాకా ఆయన పక్కన పనిచేశారు. ఒకప్పుడు దేశమంతా పేరు మోగిన మనిషి తన కొడుకు చేతికింద సహాయకుడిగా ఉండటానికి నామోషీ పడలేదు. పెద్దరికం పోతుందని కుర్చీ వదలని పెద్దలు మన సంఘాల్లో లేరా? చిన్నవాణ్ని ముందు నడిపించి వెనుక నిలబడటం కూడా సేవే.

భార్య ఆరోగ్యం కోసం మళ్లీ స్టాక్టన్ చేరి, స్థానిక జూనియర్ కాలేజీలో బంతి తన్నడం నేర్పే పని చూశారు. 1960లో, 98వ ఏట, ఇక చాలించారు. 1964లో స్టెల్లా కన్నుమూశారు. 1965 మార్చి 17న 102 ఏళ్ల వయసులో స్టాగ్ ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆయన పేరిట 314 విజయాలు లెక్కకొచ్చాయి. ఆ రికార్డును 1981 దాకా ఎవరూ దాటలేదు. పాస్టరుగా ఒక సంఘానికి వాక్యం చెప్పి ఉంటే ఎంతమంది వినేవారో తెలియదు. ఆ 70 ఏళ్లలో ఆయన నడతను దగ్గర నుంచి చదివిన కుర్రాళ్లు మాత్రం వేల మంది.

స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి మద్రాసుకు

ఇప్పుడు మొదట చెప్పిన చుట్టరికం సంగతి. స్టాగ్, నైస్మిత్ పనిచేసిన స్ప్రింగ్‌ఫీల్డ్ బడిలోనే తర్వాతి కాలంలో చదువుకున్నవాడు హ్యారీ క్రో బక్. ఆయన మన దేశానికి వచ్చి 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించారు. గుప్పెడు మంది విద్యార్థులతో మొదలైన ఆ కళాశాల సైదాపేట దగ్గరి నందనంలో స్థిరపడి, దక్షిణ భారతదేశంలో వ్యాయామ ఉపాధ్యాయులకు పుట్టిల్లయింది. అప్పటికి మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, మెడలో ఈలతో మన తాతల కాలపు హైస్కూళ్లలో కనిపించిన డ్రిల్లు మాస్టారి అచ్చు అక్కడ పోతపోసిందే.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో స్టాగ్ అమెరికా అథ్లెట్ల శిక్షకుల్లో ఒకరు. భారత జట్టు శిక్షణ బాధ్యత చూసిన వ్యక్తి బక్. ఆదివారం ఆరాధన కోసం 100 మీటర్ల పరుగు వదులుకుని, 400 మీటర్లలో స్వర్ణం గెలిచి, తర్వాత చైనాకు మిషనరీగా వెళ్లిన ఎరిక్ లిడెల్ పరుగెత్తింది కూడా ఆ మైదానంలోనే. బక్ 1943లో మన దేశంలోనే కన్నుమూశారు. ఆయన పెట్టిన కళాశాల నూరేళ్లు దాటినా నడుస్తూనే ఉంది.

ఇది పూర్తిగా పరాయి సొమ్మని కూడా అనుకోనక్కర్లేదు. బక్ రాకముందే మన నేలకు తాలింఖానాలు, సాము గరిడీలు తెలుసు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి విజయనగరంలోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశారు. ఆ తర్వాతే సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని ప్రపంచాన్ని నివ్వెరపరిచారు. కలియుగ భీముడని లోకం కీర్తించిన మనిషి మొదట ఒక డ్రిల్లు మాస్టారు అన్న సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది?

ఊసవానిపేట పాఠం

2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడబిడ్డ. అంతకుముందే 1994, 1995 సంవత్సరాల్లో ఆమె ప్రపంచ విజేత. ఆ పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే 12 ఏళ్ల ప్రాయంలో ఆమె చేతికి ఇనుప కడ్డీ అందించి అక్షరాభ్యాసం చేయించిన గురువు నీలంశెట్టి అప్పన్న పేరు ఎంతమందికి తెలుసు? ఆడపిల్లలు బరువులెత్తడమేమిటని ముక్కున వేలేసుకునే రోజుల్లో ఒక పల్లెలో ఆ పని మొదలుపెట్టడం పతకానికి తక్కువైన సాహసం కాదు.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరుంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరని దానికి పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం అందుకున్న మత్స సంతోషిది ఆ ఊరే. ఊరు ఊరంతా ఇలా తయారు కావాలంటే ఎవరో ఒకరు తెల్లవారుజామున లేచి తలుపు తియ్యాలి, ఎవరో ఒకరు తప్పు దిద్దాలి, ఓడి వచ్చిన పిల్లకు ఎవరో ఒకరు అన్నం పెట్టి ‘రేపు చూద్దాంలే అమ్మా’ అనాలి. వాళ్ల ఫొటోలు పేపర్లో పడవు. బర్నబా లేకపోతే సౌలును యెరూషలేము సంఘం దగ్గరికి రానిచ్చేది కాదు. అపొస్తలుల కార్యాల్లో తొలి అధ్యాయాలు దాటాక బర్నబా పేరు మెల్లగా వెనక్కి వెళ్లి, పౌలు పేరు ముందుకొస్తుంది. కోచ్ బతుకంటే అదే.

జాగ్రత్త కూడా అవసరమే

కోచ్ చేతిలో పెద్ద అధికారం ఉంటుంది. పిల్లలు తల్లిదండ్రుల మాట దాటినా కోచ్ మాట దాటరు. ఆ అధికారానికి లెక్క అడిగేవారు లేకపోతే ఏమవుతుందో స్టాగ్ పేరు పెట్టిన బహుమతి కథే చెబుతుంది. స్టాగ్ ఆడిన సమాఖ్య తమ విజేతకు ఇచ్చే ట్రోఫీకి ఆయన పేరుతో పాటు మరో ప్రఖ్యాత కోచ్ జో పటెర్నో పేరు కూడా పెట్టింది. 2011లో పటెర్నో దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన సహాయకుడు చిన్నపిల్లలపై అత్యాచారాలకు పాల్పడిన సంగతి బయటపడింది. విన్నాక చేయాల్సినంత చేయలేదన్న నింద పటెర్నో మీద పడింది. ఆయన ఉద్యోగం పోయింది, ట్రోఫీ మీద ఆయన పేరు తీసేశారు. దోషికి 2012లో శిక్ష పడింది. మైదానమైనా, హాస్టలైనా, సండే స్కూలైనా, యూత్ క్యాంపైనా పిల్లల భద్రత ముందు ఎవరి పేరు ప్రతిష్ఠలూ లెక్కలోకి రాకూడదు. పిల్లలు చెప్పేది వినాలి, విన్నది దాచకూడదు.

మన సంఘం ఏం చేయగలదు?

మన సంఘాల్లో బీపీఈడీ చదివిన యువకుడు ఉంటే ‘అయ్యో, బైబిలు కాలేజీకి వెళ్లలేకపోయాడే’ అని జాలిపడతాం. అతన్ని ముందుకు పిలిచి ప్రార్థించి పంపే సంఘాలు ఎన్ని? పౌలు డేరాలు కుట్టిన చేతులతోనే పత్రికలు రాశాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పరుగుపందెం గురించి, శరీరాన్ని అదుపులో పెట్టుకోవడం గురించి, వాడిపోని కిరీటం గురించి ఆయన వివరించాడు. ఆటలంటే ఏమిటో తెలియనివాడు అలా రాయలేడు.

మన పాత మిషన్ కాంపౌండ్లలో ఇంకా ఖాళీ జాగాలు మిగిలే ఉన్నాయి. కొన్ని చోట్ల ముళ్లకంపలు పెరిగాయి, కొన్ని చోట్ల హద్దుల తగాదాలు నడుస్తున్నాయి. ఒక వాలీబాల్ నెట్టు, ఓపికగల ఒక మాస్టారు ఉంటే చాలు, సాయంత్రం పూట ఆ జాగా నిండిపోతుంది. కులం, మతం అడక్కుండా పేటలోని పిల్లలందరినీ రానిస్తే, సెల్‌ఫోనులోనూ సారా దుకాణం దగ్గరా పొద్దుపుచ్చే కుర్రాళ్లలో పదిమందైనా వస్తారు. వాళ్లకు వాక్యం చెప్పనక్కర్లేదు. ఓడినప్పుడు మాస్టారు ఎలా మాట్లాడాడో, గెలిచినప్పుడు ఎలా ఉన్నాడో, అంపైరు తప్పు తీర్పు ఇచ్చినప్పుడు ఏం చేశాడో వాళ్లు చూస్తారు. స్టాగ్ దగ్గర కుర్రాళ్లు నేర్చుకున్నదీ అలా చూసే.

చెప్పులు కుట్టేవాని కొడుకు ప్రసంగం చేయలేక సిగ్గుపడి వెనక్కి తగ్గి ఉంటే ఆ తరాల కుర్రాళ్లకు ఆ కోచ్ దొరికేవాడు కాదు. దేవుడు తన చేతికి ఇవ్వని దాని గురించి ఆయన బెంగపెట్టుకోలేదు. ఇచ్చిన దాన్ని 98 ఏళ్లు వచ్చేదాకా వాడారు. మీ చేతిలో దేవుడు ఏం పెట్టాడో, ఎవరి పిల్లలను మీ ముందు నిలబెట్టాడో ఈ వారం ప్రార్థనలో అడిగి చూడండి. అలాగే చిన్ననాడు మీకు పరుగు నేర్పిన డ్రిల్లు మాస్టారు ఇంకా బతికి ఉంటే, వెళ్లి ఒకసారి పలకరించి రండి.